బుచ్చవ్వ గోలెంలో అల్లి

బుచ్చవ్వ కేక వేసిందంటే చొప్పదండి బస్సు కూడా ఆగాల్సిందే అంటారు ఊళ్లో. ఆ రోజు ఆగింది మాత్రం ట్రాక్టర్. నాట్ల కోసం వాళ్ల పొలం దున్నుతుంటే, చక్రం ముందు బురదనీళ్లలో గుండ్రటి ఆకు ఒకటి ఆమె కంటపడింది.

"ఆపుండ్రి! జర ఆపుండ్రి! గది అల్లి!"

అల్లి అంటే తెల్లకలువ. ఒకప్పుడు వాళ్ల చెరువు అంచంతా అవే. చిన్నప్పుడు మోకాలి లోతు నీళ్లలో దిగి, పూలు కాడలతో తెంపి మెడలో వేసుకుని తిరిగిన మనిషి బుచ్చవ్వ. పూడిక తీశాక చెరువులో నీళ్లు పెరిగాయి గానీ, అల్లి ఒక్కటీ మిగల్లేదు. ఊరికి అది పట్టలేదు, ఆమెకు పట్టింది. ఆ పూడిక మట్టిని అందరిలాగే వాళ్లూ పొలంలో పోయించుకున్నారు. దాంతోపాటే వచ్చి ఇన్నాళ్లూ అడుగున బతికే ఉందన్నమాట ఈ దుంప!

ఆకుతో సహా దాన్ని బురదలోంచి పెకలించి, కొంగులో దాచుకుని ఇంటికి తెచ్చింది. బర్రె కుడితి తాగే సిమెంటు గోలెం కడిగి, అడుగున చెరువు మట్టి పోసి, దుంప నాటి నీళ్లు నింపింది. భర్త సిద్దిరాములు నెత్తి పట్టుకున్నాడు.

"మరి బర్రె ఏడ తాగాలెనే?"

"బకెట్ల తాగుతది. బర్రెలు ఊరంత ఉన్నయి. గిది ఒక్కటే ఉన్నది."

బర్రెకు ఆ సంగతి ఎవరు చెప్పాలి? అలవాటు ప్రకారం గోలెంలో మూతి పెట్టి, వచ్చిన ఆకులన్నీ నమిలేసింది. బుచ్చవ్వ ఆ పూట అన్నం ముట్టలేదు. కానీ దుంప కూడా ఆమెలాగే మొండిది, మళ్లీ చిగురించింది. ఈసారి గోలెం చుట్టూ ముళ్లకంప కట్టింది.

ఒక పొద్దున లేచి చూస్తే, తెల్లగా విచ్చుకుని పువ్వు!

"రాండ్రి, సూడుండ్రి!"

వాడంతా గోలెం చుట్టూ చేరింది. సిద్దిరాములు నోట్లో వేపపుల్ల అలాగే ఉండిపోయింది.

వేరే వాళ్లయితే అంతటితో మురిసిపోయేవాళ్లే. బుచ్చవ్వకు చెరువు కావాలి. మరుసటి వానాకాలం, దుంప పిల్లలు పెట్టగానే వాటిని తీసుకెళ్లి లోతు లేని అంచున నాటి, గుర్తుగా ఒక కట్టె పాతింది. ఆ ఏడు పూశాయి కూడా. తర్వాత ఎండాకాలం చెరువు వెనక్కి పోయి, అక్కడ నేల నెర్రెలు విచ్చింది. ఆమెకు నిద్ర కరువైంది.

మళ్లీ వానలు పడ్డాయి, నీళ్లు కట్టెను తాకాయి. బుచ్చవ్వ రోజూ వెళ్లి చూసింది. కట్టె దగ్గర ఆకు జాడ లేదు. ఇక పోయినట్టేనని ఒక పొద్దున కట్టె పీకబోయి, తలెత్తింది. చాలా దూరంగా తుంగ సందున ఒక తెల్ల పువ్వు. దాని వెనక ఇంకొకటి. అటువైపు ఆమె ఎప్పుడూ అడుగైనా పెట్టలేదు.

చీర తడుస్తున్నా చూసుకోకుండా నీళ్లలోకి దిగింది. ఆమె కేక అవతలి గట్టున ఉన్న సిద్దిరాములుకు వినిపించింది.

"ఓ అయ్యా, ఉరికి రా! గివి నేను పెట్టినయి కావు! అవే వచ్చినయి!"