అంగీకి ఇచ్చిన సెలవు

1999 ఎండాకాలంలో నన్ను హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ట్రాన్స్‌పోర్ట్ సూపర్‌వైజరుగా వేశారు. వేసింది కంపెనీ కాదు, దానికి కార్లు తిప్పే కాంట్రాక్టరు. ఏడో తరగతిలోనే బడికి రాజీనామా ఇచ్చినవాడికి అంతకన్నా హోదా ఏం కావాలి? నా కింద డ్రైవర్లు, నా పైన మిగతా లోకమంతా.

విదేశీ క్లయింట్లు వచ్చే రోజు అక్కడొక ఆచారం ఉండేది. కాంట్రాక్టు డ్రైవర్లకూ, ఊడ్చేవాళ్లకూ కంపెనీ టీషర్టులు తొడిగి హాల్లో వెనక వరుసల్లో కూర్చోబెట్టేవారు. కంపెనీ నిండుగా కనిపించాలి కదా! సాయంత్రం మళ్లీ విప్పించి పట్టుకుపోయేవారు.

ఒకసారి స్వీడన్ నుంచి ఒకామె వచ్చింది. ఆ పొద్దున్నే మల్లేశ్ అనే డ్రైవరు నా దగ్గరికొచ్చాడు.

"అన్నా, నా పెండ్లాం దవాఖానల ఉంది. కాన్పు కష్టమంటున్రు. జర పోయొస్త."

డ్యూటీ ఎగ్గొడితే కారు తాళం ఇంకొకడి చేతికి పోవడం మా పద్ధతి. కాంట్రాక్టరుని అడిగాను. "కాన్పు ఆమెకా, వీనికా?" అన్నాడు. మల్లేశ్ టీషర్టు తొడుక్కున్నాడు.

హెచ్ఆర్ మేనేజరు ప్రసాదు గారు తెర మీద దేశాలు తిప్పారు. జర్మనీలో జబ్బు చేసి ఇంట్లో పడుకున్నా జీతమట. స్వీడన్‌లో బిడ్డ పుడితే తండ్రికీ సెలవట. అమెరికాలో జీతంతో సెలవివ్వాలన్న చట్టమే లేదన్న ముక్క మాత్రం దాటేశారు. సగం హాలు అక్కడికే ఎగరాలని చూస్తోంది మరి. ఆఖర్న, తమ కంపెనీ ఒక కుటుంబమని చేతులు చాపి చూపించారు.

ఆ చాపిన చేతులు చూసి స్వీడన్ ఆమె వెనక వరుసల వైపు తిరిగి, చూపుకి తగిలిన మల్లేశ్‌ని పిల్లలున్నారా అని అడిగింది. అతని పక్కనే కూర్చున్న నాకు ఎయిర్‌పోర్టు తిరుగుళ్లలో పట్టుబడ్డ ఇంగ్లీషు వచ్చు గనక తర్జుమా నా మీద పడింది.

"ఇయ్యాల్నో రేపో మేడమ్. దవాఖానల ఉంది," అన్నాడు మల్లేశ్.

నేనది పొల్లుపోకుండా చెప్పి, ఒక్క ముక్క సొంతంగా కలిపాను: మేనేజరు గారు ఇప్పుడే ఇతనికి సెలవు ప్రకటించబోతున్నారని.

ఆమె చప్పట్లు కొట్టింది. వెంటనే హాలంతా కొట్టింది. ప్రసాదు గారు నా వైపు పళ్లు నూరుతూ, ఆమె వైపు అవే పళ్లతో నవ్వుతూ, వారం రోజులన్నారు. మల్లేశ్ టీషర్టుతోనే పరుగందుకున్నాడు.

తల్లీ బిడ్డా గండం గడిచి ఇంటికి చేరారు. వారానికి మల్లేశ్ తిరిగొచ్చేసరికి అతని కారు ఇంకొకడు తోలుతున్నాడు. నేను పైకెళ్లి అడిగితే, "అతను మా ఎంప్లాయీ కాదు కదండీ!" అన్నారు ప్రసాదు గారు. కాంట్రాక్టరుకి మాత్రం ఒకే ఒక్క రంధి: "టీషర్టేదిరా?"

"సెలవిచ్చింది అంగీకి గద సార్, నాకు కాదాయె. అది ఇంక డ్యూటీ ఎక్కలే. పొల్లగాని కింద పండుకుంది," అన్నాడు మల్లేశ్, చందానగర్‌లో కిరాయి ఆటో చూసుకోవడానికి పోతూ.

ఏ దేశంలో ఏ సౌకర్యముందో ఎవడైనా తెర మీద చూపిస్తాడు. అవి ఎవరికి వర్తిస్తాయో చెప్పమన్నప్పుడే తెర మీది బొమ్మ మారిపోతుంది. ఆ తర్వాత ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ, చేరిన ప్రతి డ్రైవరునీ లైసెన్సు కన్నా ముందు ఒకటే అడిగాను: నీ పేరు ఎవరి హాజరుపట్టీలో ఉంది?