పాండురంగారావు నడుములో బిళ్ల

దెందులూరులో జగ్గారావు నడుమంటే పేరు. ఇరవయ్యేళ్ల వయసులో ధాన్యం బస్తా వీపున వేసుకుని నిచ్చెనెక్కి అటక మీద దించిన నడుం అది. దివిసీమ తుపాను ఏట బురదలో కూరుకుపోయిన గేదెను గట్టుకి లాగిన నడుం. పాల సంఘం అధ్యక్షుడిగా తొమ్మిదేళ్లు కుర్చీలో నిటారుగా కూర్చున్నదీ ఆ నడుమేనని ఆయనే చెప్పుకునేవాడు. అలాంటిది 2009 వేసవిలో వెన్నులో డిస్కు జారి, ఎడమకాలు నిప్పులా మండితే, ఏలూరులో ఆపరేషను చేసి జారిన ముక్క తీసేశారు.

ఆ వేసవిలోనే తోడల్లుడు పాండురంగారావుకీ జారింది. ఆయన చెన్నైలో చేయించుకున్నాడు. మిగిలిన డిస్కు మళ్లీ బయటికి రాకుండా, దాని పొరకి పడ్డ చిల్లికి అడ్డంగా చిన్న బిళ్ల బిగించారట. ఆ ఎక్స్‌రే సంచిలో పెట్టుకు తిరుగుతూ, టీకొట్టు దగ్గర వెలుగుకెత్తి చూపించేవాడు. గోరంత తెల్లచుక్క. జనం నోరెళ్లబెట్టేవారు. నలభై ఏళ్లుగా జగ్గారావు నడుం గురించి చెప్పుకున్న నోళ్లే అవన్నీ.

జగ్గారావుకి అన్నం సయించలేదు. ఏలూరు వెళ్లి, నాకెందుకు పెట్టలేదని డాక్టరునే అడిగాడు. చిల్లి పెద్దదైతే మళ్లీ జారే భయం ఎక్కువనీ, అలాంటివాళ్లకే అది పెడతారనీ, ఈయనది చిన్న చిల్లి కాబట్టి బరువెత్తకుండా ఉంటే చాలనీ డాక్టరు చెప్పాడు. జగ్గారావు చెవికెక్కింది ఒక్కటే. చిల్లి కూడా పాండురంగారావుదే పెద్దదన్నమాట.

మామగారి పొలం తోడల్లుళ్లిద్దరూ కలిసి చేయించేవారు. కొత్త పంటలో తొలి బస్తా పెద్దల్లుడే వీపున మోసి గాదె దగ్గర దించాలి. అది ఆ ఇంటి ఆనవాయితీ. ఆ డిసెంబరులో కళ్లంలో అందరూ వినేలా పాండురంగారావు అన్నాడు.

"అన్నగారూ, ఈసారి నన్ను మొయ్యనివ్వండి. మీది ఉత్త నడుమాయె. నాకైతే లోపల అడ్డు బిగించారు కదండీ."

జగ్గారావు తలగుడ్డ చుట్టి బస్తా పక్కన వంగాడు. వంగుతుండగానే ఎడమకాల్లో పాత మంట చురుక్కుమంది. ఎత్తితే కాలు పడిపోవచ్చని తెలుసు. అయినా బస్తా చెవులు వదల్లేదు.

భార్య సుబ్బాయమ్మ గబగబా వచ్చి ఆ బస్తా మీదే కూర్చుంది.

"నాతో సహా ఎత్తండి. రేపు మంచాన పడితే మిమ్మల్ని ఎత్తేది నేనే కదా, ఇవాళ మీ వంతు కానివ్వండి."

కూలీలు నవ్వారు. ఆవిడ పాండురంగారావు వైపు తిరిగింది.

"ఏం మరిదిగారూ, మిమ్మల్ని డాక్టరుగారు బస్తాలెత్తమన్నారాండీ?"

పాండురంగారావు తల గోక్కున్నాడు. బిళ్ల ఉన్నా సరే బరువుల జోలికి పోవద్దన్నారని గొణిగాడు.

జగ్గారావు మెల్లగా నడుం ఎత్తాడు. మొహం విప్పారింది.

"అయితే ఇద్దరం ఒకటేనన్నమాట తమ్ముడూ."

బస్తా కూలీలు మోశారు. ఆనవాయితీ తప్పకుండా జగ్గారావు కుంచెడు ధాన్యం గుండెలకి హత్తుకుని ముందు నడిచాడు. వెనకాల పాండురంగారావు కూడా ఒక కుంచం పట్టుకొచ్చాడు. గాదె చేరేలోపు జగ్గారావు, నడుం తిప్పొద్దన్న డాక్టరు మాట కూడా మరిచి, మూడుసార్లు వెనక్కి తిరిగి చూశాడు, ఆ కుంచం తనదానికంటే నిండుగా ఉందేమోనని.