నాను కాదు, నేను

మొన్న ఆటోలో కంచరపాలెం మీదుగా వస్తుంటే డ్రైవరుకి ఫోను వచ్చింది. "నాను బండి మీదున్నాను బావా, మళ్లీ సేత్తాను" అని పెట్టేశాడు. నాలుగు ముక్కలే. ఇల్లు చేరేదాకా ఆ "నాను" నా చెవిలో తిరుగుతూనే ఉంది. "ఏటి మేడం, ఒంట్లో బాగోలేదేటి?" అని కూడా అడిగాడు. బాగానే ఉందన్నాను.

డెబ్బైల చివర్లో నేను అక్కడే, రైలు పట్టాల పక్కనున్న మిడిల్ స్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. గూడ్సు బండి వచ్చిందంటే పాఠం ఆగాల్సిందే. పిల్లలు పెట్టెలు లెక్కపెట్టేవారు. నేను పైకి గంభీరంగా నిలబడి లోపల లెక్కపెట్టేదాన్ని. ఒకసారి నోరు జారి నా లెక్క పైకి చెప్పేశాను. ఏడో తరగతి పిల్ల ఒకతి ఒప్పుకోలేదు. "నాను సరిగ్గానే లెక్కెట్టానండి. మద్దిలో మీరే కళ్లజోడు తుడుసుకున్నారు" అంది. నిజమే, తుడుచుకున్నాను. వాళ్లమ్మ హార్బరు నుంచి తట్టలో చేపలు తెచ్చి వీధులు తిరిగి అమ్మేది. ఈ పిల్ల పద్యం ఎత్తుకుంటే పక్క గదిలో లెక్కల మాస్టారు సుద్దముక్క పక్కన పెట్టి వినేవారు. మాట మాత్రం ఇంటి మాటే. నా క్లాసులో చట్టం ఒకటే: కాగితం మీద "నేను", నోటితో మీ ఇష్టం.

ఆ వేసవిలో నాకు ప్రమోషన్ వచ్చి ఊళ్లో పెద్ద హైస్కూలుకి వేశారు. ఆ పిల్ల ఏడు ప్యాసైంది. వాళ్లమ్మ తట్ట దించి మా గుమ్మంలో కూర్చుంది. "ఏడుతోటి సాలించేద్దారనుకున్నాను పంతులమ్మగోరూ. మీరా ఇస్కూలుకే ఎల్తన్నారంట గదా, మీ ఎనకాలే పంపిత్తాను. మా గుంట సదువు మీ పూచీ" అంది. నేనేదో పెద్దమనిషినైపోయినట్టు తలూపాను.

చెబితే నవ్వుతారు గానీ, హైస్కూలంటే పిల్లలకంటే నాకే ఎక్కువ భయం. స్టాఫ్ రూము నిండా ఎమ్మేలు చదివినవాళ్లు. అక్కడికి రైలు వినిపించదు, అయినా అలవాటు కొద్దీ పాఠం మధ్యలో ఆగిపోయి బిక్కమొహం వేసేదాన్ని. మొదటి వారంలోనే ఒకరోజు హెడ్మాస్టరుగారు వరండాలో నిలబడి ఉండగా ఏదో ప్రశ్న అడిగాను. అందరికంటే ముందు ఆ పిల్లే లేచింది. "నాను సెప్తానండి!"

క్లాసంతా గొల్లుమంది. "నాను కాదు, నేను. ఇదింకా మిడిల్ స్కూలనుకున్నావా?" అన్నాను, వరండాలోకి వినిపించేలా. అని ఊరుకోలేదు, నేనూ నవ్వాను. ఆ నవ్వుని మింగెయ్యడానికి ఒక్క గూడ్సు బండైనా రాలేదు. ఆ పిల్ల నా ముఖంలోకి ఒకసారి చూసి కూర్చుంది.

ఆ తర్వాత క్లాసులో దాని గొంతు వినలేదు. దసరా సెలవులయ్యాక రావడమే మానేసింది. రెండు వారాలు నేనూ వెళ్లలేదు. తీరిక లేదని చెప్పుకున్నాను గానీ అది సిగ్గు. చివరికి వాళ్లింటికి వెళ్లేసరికి ఆ పిల్ల వాకిట్లో కూర్చుని చేపల తట్ట కడుగుతోంది. "ఏటైనాదో సెప్పదమ్మా, మీరే అడగండి. మీ మాటంటే దానికి ఏదం" అంది వాళ్లమ్మ. నాకు తల కొట్టేసినట్టయింది. పక్కన చతికిలబడి, తప్పు నాదేనని చెప్పి, బడికి రమ్మని బతిమాలాను. ఆ పిల్ల తలెత్తకుండా, ఒక్కో అక్షరం కూడబలుక్కుని, "నేను రానండి" అంది.

ఎక్కడా తప్పు లేదు. దిద్దడానికి ఏమీ లేదు.

రిటైరయ్యేదాకా ఆ హైస్కూల్లోనే ఉన్నాను. ఆ తర్వాత ఎవరి "నాను"నీ దిద్దలేదు. కాలం అన్నిటినీ మాన్పుతుందంటారు, నిజమేనేమో. ఆ పిల్ల నోట నేను దిద్దిన ఆ ఒక్క మాటని మాత్రం ఇన్నేళ్లూ కలిసి కూడా తిరిగి "నాను" చెయ్యలేకపోయాయి.