మామగారి నిద్ర, నా మార్కులు

అమెరికాలోని ఎడిసన్‌లో కూర్చుని, నాకు ఓటు కూడా లేని మన రాష్ట్ర రాజకీయాల మీద రోజూ మంచమెక్కాక ఫోన్‌లో వాదిస్తాను. నేను ఆపేస్తే రాష్ట్రం ఏమైపోతుందోనని నా బెంగ! తెల్లారాక కళ్ళు మూతలు పడుతుంటాయి. ఒక శనివారం ఎనిమిదేళ్ళ మా అమ్మాయిని కూచిపూడి క్లాస్‌కి తీసుకెళుతూ సిగ్నల్ దగ్గర కునుకు తీశాను. పిల్ల కెవ్వుమంటే గానీ మెలకువ రాలేదు.

ఇంట్లో పంచాయితీ జరిగింది. "నువ్వు సరిగ్గా పడుకుంటున్నావని ఆ వాచ్ చెప్పేదాకా పిల్లని నీ కార్ ఎక్కించను," అని మా ఆవిడ తేల్చేసింది. చేతికి పెట్టుకుని పడుకుంటే మన నిద్రకి మార్కులు వేసే వాచ్ అది. నాకేమో వారమంతా ఎదురుచూసేది ఆ శనివారం ప్రయాణం కోసమే. పిల్ల నాతో తీరిగ్గా కబుర్లు చెప్పేది అప్పుడే.

మార్కులనేసరికి నాకు పాత పూనకం వచ్చేసింది. ఎంట్రన్స్‌కి చదివినంత పట్టుదలగా పడుకున్నాను. ఎంత గట్టిగా కళ్ళు మూసుకుంటే అంత తక్కువ వచ్చేవి. ఛీ, నిద్రపోవడం కూడా చేతకాని బతుకైపోయింది! అప్పుడు కాకినాడ నుంచి వచ్చిన మా మామగారి మీద నా కన్ను పడింది. దిండు మీద తల వాల్చడం ఆలస్యం, ఆయన గురక మొదలయ్యేది.

"మామయ్యగారూ, ఈ వాచ్ పెట్టుకుని పడుకోండి చాలు," అన్నాను.

"అంతేనా అల్లుడుగారూ? అదెంత పనండీ!" అన్నారాయన.

మార్కులు చూసి మా ఆవిడ మురిసిపోయింది. "అబ్బో, పొద్దున్నే లేచి వాకింగ్ కూడా చేస్తున్నావే!" అంది. మామగారు వాచ్ తీయకుండానే వాకింగ్‌కి వెళ్ళొచ్చారన్నమాట! నేను వినయంగా తల దించుకున్నాను. కారు తాళాలు చేతికొచ్చాయి.

ఆ శనివారం పిల్ల వెనకసీట్లో క్షణం నోరు మూయలేదు. లంచ్‌లో ఎవరేం తిన్నారు, టీచర్ కుక్కపిల్ల పేరేంటి, అన్నీ చెప్పింది. నా బంగారుతల్లి, నా మీద ఎంత బెంగ పెట్టుకుందో అని పొంగిపోయాను. "గొంతు నొప్పెడుతుందమ్మా, కాసేపు ఆగు," అన్నాను.

"స్టాప్ చేస్తే నువ్వు మళ్ళీ నిద్రపోతావ్ కదా నాన్నా," అంది.

అద్దంలో చూశాను. రెండు చేతులతో సీటుబెల్టు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

పక్కనే ఉన్న కూరగాయల షాపు పార్కింగ్‌లోకి తిప్పి కారు ఆపాను. మా ఆవిడకి ఫోన్ చేశాను.

"నువ్వొచ్చి పిల్లని తీసుకెళ్ళు. ఆ మార్కులు మీ నాన్నవి."