ముందు ఎదుటివారి మాట

మా బావగారు పోయారన్న కబురు నాకు పడవవాడు చెప్పాడు. కాలువకి దిగువనున్న ఊళ్ళో నేను ఆడపిల్లల బడిలో చదువు చెబుతాను. మధ్యాహ్నం పడవ రేవులో ఆపి, అతను గట్టెక్కి వచ్చి బడి గుమ్మంలో నిలబడ్డాడు. "అమ్మగారండి, ఉపదేశిగారు తెల్లారగట్ట పోయారండి. జ్వరం తగ్గలేదండి. మీ అక్కగారు మిమ్మల్ని తీసుకురమ్మన్నారు" అన్నాడు. పిల్లల్ని ఇళ్ళకు పంపేసి పడవెక్కాను. దారి పొడుగునా ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆయనతో నాకు తేలని పోట్లాటలు ఇంకా చాలా ఉన్నాయి. దేన్నీ మధ్యలో వదిలిపోయే మనిషి కాదాయన.

ఆయన్ని ఎరగని పాఠకుల కోసం చెబుతాను. మా అక్క భర్త, మా ప్రార్థన మందిరానికి మిషను దొరగారు పెట్టిన ఉపదేశి. ఆదివారం మందిరంలో వాక్యం చెప్పేవారు. సంతరోజున కాలువ గట్టు మీద నిలబడి, మనం క్రీస్తును ఎందుకు నమ్ముతున్నామో అడిగినవారికల్లా చెప్పేవారు. అడిగేవారికి కొదవ లేదు, తిట్టేవారికి అసలే లేదు.

వాదంలో ఆయనకొక పట్టింపు ఉండేది. ఎదుటివారి మాటను ముందు తన నోటితో తాను చెప్పాలి, అదీ వాళ్ళకంటే బాగా చెప్పాలి. చెప్పి, "ఇదేనాండి మీ మాట?" అని అడిగేవారు. అవతలి మనిషి "అదేనండి" అనేదాకా జవాబు మొదలుపెట్టేవారు కాదు. ఇంట్లోనూ ఇదే వరస. ఈ బడి ఉద్యోగం వచ్చేదాకా నేను వాళ్ళింట్లోనే ఉండేదాన్ని. ఓసారి సంత నుంచి బాగా ఆలస్యంగా వచ్చి చల్లారిన అన్నం ముందు కూర్చుంటే, నేను ఊరుకోలేక సణిగాను. "మా మరదలు అంటున్నది ఇది. ఊరందరి ఆత్మల గొడవ పట్టిన మనిషికి ఇంట్లో ఆడవాళ్ళ ఆకలి పట్టదు. తనకోసం తినకుండా కూర్చుంటారని తెలిసీ రాడు. ఇదేనా తల్లీ?" అన్నారు. నేను అనబోయిన దానికంటే ఘాటుగా ఉంది. ఇంకేం పోట్లాడతాను, పులుసు వెచ్చబెట్టి వడ్డించాను.

ఆయనతో ఎక్కువగా వాదించింది అగ్రహారం పంతులుగారు. తర్కం చదువుకున్నవారు. మైలపడతానని దూరంగా నిలబడేవారు కాబట్టి ఇద్దరూ కేకలేసుకుంటూ వాదించుకునేవారు, సంతంతా వినేది. వాదం ముగిశాక పంతులుగారు కాలువలో మునిగి తడిబట్టలతో ఇంటికి పోయేవారు. "నా మూలాన ఆయనకి వారానికో స్నానం ఎక్కువ" అని బావగారు నవ్వేవారు. ఆ నవ్వులో నొప్పి లేదని నేననను.

"కరువులో గంజి కోసం మీవాళ్ళు ఆ మతంలో కలిశారు" అన్నారు పంతులుగారు ఓసారి.

"నిజమేనండి. మా నాన్న గంజికే వచ్చాడు. కరువు తీరింది, గంజి ఆగిపోయింది. ఆ తరవాత కూడా ఎందుకు ఉండిపోయాడో అది అడగండి."

"ఎందుకు ఉండిపోయాడు?"

"దేవుడు తన గడప దాకా వస్తాడని అంతకుముందు ఆయనకి ఎవరూ చెప్పలేదండి."

క్రీస్తు తిరిగి లేవడం కట్టుకథ అని పంతులుగారు అన్నప్పుడు బావగారు ఇంకో మాట చెప్పారు. "కథ కట్టేవాడు పెద్దమనుషుల్ని సాక్షులుగా పెట్టుకుంటాడండి. ఖాళీ సమాధిని మొదట చూసింది ఆడవాళ్ళు. ఆ రోజుల్లో వాళ్ళ సాక్ష్యాన్ని లెక్కచేసిన వాళ్ళు లేరు. అబద్ధమాడదలుచుకుంటే ఇంత తెలివితక్కువగా ఆడతారాండి?" పంతులుగారు ఆలోచించి చెబుతానన్నారు.

ఓ ఏడాది వానాకాలం చివర ఊళ్ళో కలరా తగిలింది. అక్కకి ఒక్కతే కూతురు. పొద్దున పిల్ల బాగానే ఉంది, సాయంత్రానికి లేదు. బావగారు మరుసటి సంతకి కూడా వెళ్ళారు. నేనూ వెంట వెళ్ళాను, ఆయన్ని ఒంటరిగా పంపడం ఇష్టం లేక. పంతులుగారు మామూలు కంటే కాస్త దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి అడిగారు. "క్రీస్తు ఒకరి చనిపోయిన కూతురిని చెయ్యి పట్టుకుని లేపాడని మీరే చెప్పారు. మరి మీ అమ్మాయిని?"

బావగారు ఎప్పటిలాగే ముందు ఆయన మాట చెప్పారు. "లేపగలిగినవాడు లేపలేదంటే, అతనికి శక్తి లేదనైనా అనుకోవాలి, మనసు లేదనైనా అనుకోవాలి. ఇదేనాండి మీ మాట?"

"అదేనండి" అన్నారు పంతులుగారు తలదించుకుని.

"ఎందుకు లేపలేదో నాకు తెలియదండి. దీనికి నా దగ్గర జవాబు లేదు. స్నేహితుడి సమాధి దగ్గర ఆయన ఏడ్చాడని మాత్రం తెలుసు. మనసు లేనివాడు ఏడవడు. ఏడ్చినవాణ్ణి నమ్ముకుని ఉంటాను. మిగతాది ఆయన్నే అడుగుతాను."

ఆ సంగతి అక్కకి తెలిసింది. "ఊరందరికీ జవాబులున్నాయి. నాకు ఒక్కటీ లేదు" అంది. ఆ తరవాత మందిరానికి వచ్చేది, చాప మీద చివర కూర్చునేది. పాటకి గొంతు కలిపేది కాదు, ప్రార్థన చివర ఆమేన్ అనేది కాదు. ఏళ్ళు గడిచినా అంతే. బావగారు ఒక్కసారి కూడా బలవంతపెట్టలేదు. పాడేటప్పుడు ఆయన కళ్ళు మాత్రం ఆ చివరికే పోయేవి. అక్క నోట ఆమేన్ వినడం ఒక్కటే ఆయన కోరుకున్నదని నాకు తెలుసు, అది వినకుండానే పోయారు.

మా సమాధుల దొడ్డి సంత స్థలం పక్కనే, కాలువ గట్టున ఉంది. పొద్దు వాలుతుండగా ఆయన్ని కూతురి పక్కన పెట్టాం. పాదిరిగారు ప్రార్థన ముగిస్తే అందరం ఆమేన్ అన్నాం, అక్క అనలేదు. గట్టు మీద జనం చేరారు. వాళ్ళలో ఒకడు, "ఇన్నేళ్ళు వాదించాడు. పిల్ల పోయింది, తనూ పోయాడు. ఏం ఒరిగింది?" అన్నాడు.

"ముందు ఆయన మాట చెబుతాను, తరవాత నీ మాట చెప్పు" అన్న కేక వినిపించింది. కంచెకి అవతల పంతులుగారు. ఎప్పుడొచ్చారో చూడలేదు. "పిల్లని ఎందుకు లేపలేదో ఉపదేశిగారికి తెలియదు. తెలుసునని ఒక్కనాడూ అనలేదు. ఆయన దేవుడు సమాధి దగ్గర ఏడ్చినవాడు. ఆ ఏడుపు అబద్ధం కాదని నమ్మారు. ఏడ్చినవాడు పిల్లని మరిచిపోడని నమ్మారు. అందుకని జవాబు లేకుండానే ఆయన దగ్గర ఉండిపోయారు." అలవాటు కొద్దీ గోతి వైపు తిరిగి, "ఇదేనాండి మీ మాట?" అన్నారు.

అన్నాక గాని, జవాబు చెప్పేవారు లేరని ఆయనకి తెలిసిరాలేదు. నోరు తెరిచినవారు తెరిచినట్టే ఉండిపోయారు. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.

"అదేనండి" అంది మా అక్క. "అదేనండి ఆయన మాట. నాదీ అదే."

పంతులుగారు చేతులు జోడించి, రేవు మెట్లు దిగి, వాదం ముగిసిన ప్రతిసారీ మునిగినట్టే కాలువలో మునిగారు. మేము అక్కని నడిపించుకుని బయలుదేరాం. మలుపు దగ్గర వెనక్కి చూశాను. ఆయన ఇంటికి పోలేదు. ఖాళీ సంతలో, తడిబట్టలతో, తాను ఎప్పుడూ నిలబడే చోటే నిలబడి, బావగారు నిలబడే వైపు చూస్తున్నారు.