సారు పేరిట ఒక సూక్ష్మజీవి

సూక్ష్మం సారు సూక్ష్మంగా మాట్లాడిన రోజు ఒక్కటంటే ఒక్కటి లేదు. "సూక్ష్మంగా చెప్పాలంటే" అని మొదలుపెట్టాడంటే వినేవాళ్ళు ఫోన్లు సైలెంటులో పెట్టుకుని, కుర్చీల్లో సర్దుకుని, గంటన్నరకి సిద్ధపడిపోవాల్సిందే. ఆ పేరు పిల్లలు పెట్టారు. సంగతి ఆయనకీ తెలుసు. సూక్ష్మజీవుల మీద పరిశోధన చేస్తున్నాడు కాబట్టి గౌరవంగా అలా పిలుచుకుంటున్నారని ఆయన నమ్మకం. పోన్లే పాపం అని ఎవరూ ఆ నమ్మకం చెడగొట్టలేదు.

యూనివర్సిటీ మూడో అంతస్తులో, వరండా చివర ఆయన ల్యాబు. లోపల రెండు గదులు. మొదటిదాంట్లో ట్యూబులు, ఫ్రిజ్‌లు, సింకు. రెండోదాంట్లో చలి, హోరు, ఆ హోరుకి కారణమైన సర్వరు. మట్టిలోనో నీళ్ళలోనో ఉన్న బ్యాక్టీరియా డీఎన్ఏని మొదటి గదిలో బయటికి లాగుతారు. మెషీను దాన్ని ముక్కలు ముక్కలుగా చదువుతుంది. చించేసిన ఉత్తరాన్ని అతికించినట్టు ఆ కోట్ల ముక్కల్ని రెండో గదిలో కంప్యూటరు అతికించి, ఇదిగో ఇది ఫలానా జీవి అని చెబుతుంది. మరి ఇందులో సారు చేసేదేమిటి? ఆయన ట్యూబు ముట్టుకుని పద్దెనిమిదేళ్ళయింది. కంప్యూటరులో ఒక్క కమాండు కొట్టిన పాపాన పోలేదు. ఆయన సంతకాలు పెడతాడు, మీటింగులు పెడతాడు, ప్రతి పరిశోధన పత్రం చివరా తన పేరు పెడతాడు. ఇన్ని పెట్టేసరికి పాపం సాయంత్రం అయిపోతుంది.

పని చేసేది ఇద్దరు ఆడవాళ్ళు. ఒకావిడ సర్వరమ్మ. ఆ సర్వరుని పన్నెండేళ్ళుగా కన్నబిడ్డలా సాకుతోంది, చలికి స్వెట్టరు వేసుకుని కూర్చుంటుంది, అవసరమైతే తప్ప నోరు విప్పదు, విప్పితే ఎదుటివాడు నోరు మూసుకోవాలి. రెండో ఆమె పరిశోధక విద్యార్థిని. మూడేళ్ళలో డాక్టరేటు ఇప్పిస్తానని సారు చేర్చుకున్నాడు. ఇప్పుడు ఆరో ఏడు నడుస్తోంది.

అన్నీ ఉన్నా సారుకి ఒక్కటే దిగులు. ఎదురుగదిలో ఆయనతోపాటు ఉద్యోగంలో చేరిన మరో ప్రొఫెసరు ఉన్నాడు, కప్పల మీద పనిచేస్తాడు. ఎక్కడో అడవిలో ఒక కొత్త కప్ప దొరికితే దానికి శిష్యులు ఆయన పేరు పెట్టారు. అరచేతంత కూడా లేని ఆ కప్ప ఫోటోని గోడంత చేసి, ఫ్రేము కట్టి, తలుపు పక్కనే వేలాడదీశాడు. సారు తన గది తలుపు తీస్తే చాలు, కప్ప కళ్ళు తేలేసి చూస్తూ ఉంటుంది. రిటైర్మెంటు ఇంకా పధ్నాలుగు నెలలుంది. ఈలోగా తన పేరుతో ఈ లోకంలో ఏదో ఒక ప్రాణి ఉండాలి. లేకపోతే ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసు గంగలో పోసినట్టే అని ఆయన బాధ.

"కప్పకి పేరు పెట్టాక ఆయనకేమైనా తోక మొలిచిందా అండీ?" అంది భార్య. ఆవిడ లైబ్రేరియను, పేర్లున్న అట్టల మీద రోజూ దుమ్ము దులిపే మనిషి.

"నీకు తెలీదోయ్," అన్నాడు సారు. నిజానికి ఆవిడకి తెలియనిదేమీ లేదు.

అలాంటి సమయంలో ఆ పరిశోధన చేసే అమ్మాయి మూసేసిన గని అడుగుకి దిగి నాలుగు సీసాల వేడినీళ్ళు పట్టుకొచ్చింది. డీఎన్ఏ తీసింది, చదివించింది. సర్వరమ్మ ముక్కలు అతికించి చూస్తే అందులో మూడోవంతు ప్రపంచంలో ఇంతవరకు నమోదైన ఏ జీవితోనూ కలవలేదు.

"దేనితోనూ?" అన్నాడు సారు.

"దేనితోనూ కలవలేదు సార్," అంది సర్వరమ్మ. "కానీ నాకు ఒక ఖాళీ ట్యూబు కూడా చదివించాలని ఉంది."

ఖాళీ ట్యూబంటే ఇది: నమూనా వెయ్యకుండా, శుద్ధమైన నీళ్ళు మాత్రం పోసి, మిగతా పనంతా మామూలుగా చేసే ట్యూబు. అందులో ఏదైనా జీవి కనిపిస్తే అది గనిలోది కాదు, మన ల్యాబులోంచే అంటుకుందని అర్థం. ప్రతి ల్యాబులోనూ చేస్తారు. ఈ ల్యాబులోనూ చేసేవాళ్ళు. ఏడేళ్ళ క్రితం సారు ఒంటికాలి మీద లేచి ఆపించేశాడు. ఏమీ లేదని తెలిసిన ట్యూబుని చదివి, ఏమీ లేదని మళ్ళీ తెలుసుకోవడమేమిటి, తెలివున్నవాళ్ళు చేసే పనేనా అని ఆయన వాదన. ఆ వాదన విన్నవాళ్ళకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు, తలలు మాత్రం ఊపారు.

"ఖాళీదాని సంగతి తర్వాత చూద్దాం," అన్నాడు సారు. "ముందు పేరు."

ఇక్కడో చిక్కుంది. కొత్త జీవికి కనిపెట్టినవాడు తన పేరు తనే పెట్టుకుంటే శాస్త్రలోకంలో మొహమ్మీదే నవ్వుతారు. ఎవరో ఒకరు పెట్టాలి, మనం వద్దు వద్దంటూ ఒప్పుకోవాలి, అదీ మర్యాద. సారు పేరు కోసం మీటింగు పెట్టాడు. వేడినీళ్ళలో దొరికింది కాబట్టి వేడిని సూచించే పేరు పెడదామంది అమ్మాయి. బావుందమ్మా కానీ ఇంకొంచెం ఆలోచించు అన్నాడు. రెండో మీటింగులో గని పేరు చెప్పింది. బావుందమ్మా కానీ అందులో మానవ స్పర్శ లేదన్నాడు. మూడో మీటింగు గంటా నలభై నిమిషాలు నడిచింది. సర్వరమ్మ గడియారం చూసుకుంది. సర్వరులో ఆవిడ పని ఒకటి ఆగిపోయి ఉంది.

"మీ పేరే పెట్టేద్దాం సార్," అంది, ఇక లేవచ్చు కదా అన్నట్టు.

"అబ్బే! నా పేరా? ఛ ఛ, అదేం మాటమ్మా!" అంటూ సారు జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. ఆయన ఇంటిపేరుకి లాటిన్ తోక తగిలించి, అక్షరాలు ఎలా ఉండాలో, ఎలా పలకాలో, అన్నీ టైపు చేయించి ఉన్నాయి. అమ్మాయి నవ్వు దాచుకోవడానికి దగ్గింది.

పత్రం అచ్చయింది. పేరు జీవుల పేర్ల రిజిస్టరుకెక్కింది. సారు నేలమీద నడవడం మానేశాడు. కప్ప ఫోటోకన్నా జానెడు పెద్ద ఫ్రేము కట్టించాడు. సూక్ష్మజీవిని ఫోటో తీసే వీల్లేక, దాని జన్యువుల పటాన్ని రంగురంగుల చక్రంలా అచ్చువేయించి తగిలించాడు. ఎదురుగదాయన వచ్చి చూసి, "చాలా బావుంది. ఇది ఎగురుతుందా, ఈదుతుందా?" అని అడిగి వెళ్ళాడు. ఈర్ష్య అనుకున్నాడు సారు. ల్యాబులో మాత్రం అంత పొడుగు లాటిన్ పేరు ఎవరు పలుకుతారు? అందరూ ఆ బ్యాక్టీరియాని 'సారు' అనే పిలవడం మొదలుపెట్టారు.

నాలుగు నెలలకి అమ్మాయి తన థీసిస్‌లో ఆఖరి అధ్యాయం కోసం మరికొన్ని నమూనాలు చదివించింది. చెరువు బురదలో సారు ఉన్నాడు. ఆవు పేడలో ఉన్నాడు. తోటమట్టిలో ఉన్నాడు. పులియబెట్టిన పాలలోనూ ఉన్నాడు. సంగతి విని అసలు సారు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

"చూశావామ్మా! గనికే పరిమితం అనుకున్నాం. ఇది సర్వవ్యాప్తం! సూక్ష్మంగా చెప్పాలంటే..."

సూక్ష్మంగా చెప్పడం యాభై నిమిషాలు పట్టింది. అమ్మాయికి మాత్రం సర్వరమ్మ అడిగిన ఖాళీ ట్యూబు గుర్తొచ్చింది. ఆ రోజే సర్వరమ్మ దగ్గరికి వెళ్ళింది. ఇద్దరూ ఎవర్నీ అడక్కుండా ఒక ట్యూబులో ల్యాబు శుద్ధజలం మాత్రం పోసి చదివించారు. వారం తర్వాత సర్వరమ్మ స్వెట్టరు విప్పకుండానే సారు గదిలోకొచ్చింది.

"ఖాళీ ట్యూబు నిండా మీరే ఉన్నారు సార్."

సారుకి ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక ఎంతమేరకని అడిగాడు.

"గనిలో మూడోవంతే ఉన్నారు," అందావిడ. "ఇందులో నూటికి తొంభై ఆరు పాళ్ళు మీరే."

రెండు రోజులు ల్యాబంతా గాలించారు. సింకు, చల్లగది, సీసాలు, మూతలు, అన్నీ దూదితో తుడిచి చూశారు. చివరికి మూలనున్న నీటి శుద్ధి యంత్రం దగ్గర దొరికింది. లోపలి ఫిల్టరు బయటికి తీస్తే అది ఫిల్టరులా లేదు, జారుడు జారుడుగా గులాబిరంగు జిగురు పట్టి వేలాడింది. దాన్ని ఏటా మార్చాలి. మార్చి ఎనిమిదేళ్ళయింది. మార్పించమని పిల్లలు పెట్టుకున్న అర్జీలు సారు బల్ల మీద ట్రేలో పదకొండు దొరికాయి. పదకొండింటి మీదా ఆయన చేతిరాతతో 'చూద్దాం' అని ఉంది.

కొత్త జీవి అన్నమాట నిజమే. అందులో అబద్ధం లేదు. కాకపోతే అది గని గర్భంలో పుట్టలేదు. ఎనిమిదేళ్ళ అశ్రద్ధలో పుట్టి, సారు సంతకం పడకపోవడం వల్ల పెరిగి పెద్దదై, ల్యాబులో చదివిన ప్రతిదాంట్లోనూ దూరింది.

"ఇంట్లో ఫిల్టరు నేను మారుస్తున్నాను కాబట్టి బతికిపోయాం," అంది భార్య. ఆయన అన్నం దగ్గర్నుంచి లేచిపోయాడు.

మర్నాడు ఆ అమ్మాయిని పిలిచి, కూర్చోమని, ఎన్నడూ లేనిది మంచినీళ్ళు కూడా ఇచ్చాడు. ఆమె గ్లాసు ముట్టుకోలేదు.

"చూడమ్మా, నమూనా తెచ్చింది నువ్వు. ట్యూబులు కడిగింది నువ్వు. 'నా అజాగ్రత్త వల్ల కలుషితమైంది' అని నువ్వో చిన్న ఉత్తరం రాసిచ్చావనుకో, గొడవ వదిలిపోతుంది. నీ డాక్టరేటు సంగతి నేను చూసుకుంటాను."

"ఆరేళ్ళ నుంచి మీరే చూసుకుంటున్నారు సార్," అంది అమ్మాయి. "ఆ ఉత్తరం రాస్తే నన్నింక ఏ ల్యాబు గుమ్మం ఎక్కనిస్తుంది? నేను రాయను."

అప్పుడే సర్వరమ్మ లోపలికొచ్చి ఒక కాగితం బల్ల మీద పెట్టింది. ఖాళీ ట్యూబులు ఆపించేసినప్పుడు చదవకుండా వదిలేసిన ఆఖరి ట్యూబొకటి ఫ్రీజరు అడుగున గడ్డకట్టి దొరికిందట. అదీ చదివించిందట.

"ఇది ఏడేళ్ళ నాటిది. అప్పటికి ఈ అమ్మాయి ఇక్కడ చేరనే లేదు సార్. మీరు మాత్రం ఉన్నారు."

ఆ మాటతో సారు అమ్మాయి ఉత్తరం మీద ఆశ వదులుకున్నాడు. ఇక మిగిలింది ఒకటే దారి, పేరు వెనక్కి తీసుకోవడం. పరువైనా దక్కుతుందని పేర్ల రిజిస్టరు వాళ్ళకి నాలుగు పేజీల ఉత్తరం రాశాడు, నిరాడంబరుణ్ణి కాబట్టి నా పేరు తొలగించండి అని. వాళ్ళు నాలుగే వాక్యాల్లో జవాబిచ్చారు. జీవి నిజమైనదే. కొత్తదే. ఒకసారి ఎక్కిన పేరు, పెట్టినవాళ్ళకి నచ్చలేదని తీసేసే నిబంధన లేదు. దొరికిన చోటు మాత్రం సరిచేసి, సంతకం చేసి పంపండి.

సవరణ పత్రం అమ్మాయే నింపింది. 'దొరికిన చోటు' అన్న గడిలో, ఎనిమిదేళ్ళుగా మార్చని నీటి ఫిల్టరు అని రాసి, యూనివర్సిటీ, అంతస్తు, గది నెంబరుతో సహా వేసింది. అది వెళ్ళందే ఆమె థీసిస్ ముందుకి కదలదని పరీక్షకులు తేల్చేశారు. సారు పెన్ను తీసి, మూత పెట్టి, మళ్ళీ తీశాడు.

"ఏదో ఒక ప్రయోగశాలలో అని రాస్తే సరిపోదా అమ్మా?"

"దాని పేరే మీరు కదా సార్," అంది సర్వరమ్మ. "ఇంకెక్కడ దాస్తాం?"

ఆయన సంతకం పెట్టాడు. జీవితంలో చదివి పెట్టిన మొదటి సంతకం అదే కావచ్చు.

ఆ తర్వాత జరిగింది మాత్రం ఎవరూ ఊహించలేదు. సవరణ చూసి దేశదేశాల ల్యాబులవాళ్ళు తమ ఖాళీ ట్యూబులు తిరగేసుకున్నారు. మార్చని ఫిల్టర్లు ఎక్కడ లేవు గనక! ఎన్నోచోట్ల సారు బయటపడ్డాడు. మాకూ ఉన్నారు, మాకూ ఉన్నారు అంటూ రోజుకి పది ఉత్తరాలు. నమూనాల్లోంచి తీసిపారెయ్యాల్సిన మురికి జాబితా ఒకటి అందరూ కలిసి వాడుకుంటారు, అందులో ఆయన పేరు చేర్చారు. సర్వరమ్మలాంటివాళ్ళు రాసుకునే ప్రోగ్రాములన్నిటిలోనూ అది కుదురుకుంది. ఇప్పుడు ఏ మూల ఎవరు ఏ నమూనా చదివినా మొట్టమొదట చేసే పని సారుని ఏరి అవతల పారెయ్యడం. ఎదురుగదాయన కప్పని ప్రపంచంలో నలభైమంది ఎరుగుదురేమో. సారు పేరు తెలియని ల్యాబు లేదు.

రిటైర్మెంటుకి నెల ముందు ఆ అమ్మాయి మౌఖిక పరీక్ష జరిగింది. హాలు నిండింది. గైడు కాబట్టి సారు మొదటి వరుసలో కూర్చున్నాడు. బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన పరీక్షకురాలు కళ్ళద్దాలు సర్దుకుని థీసిస్ తెరిచింది. ముందు కూర్చున్నదెవరో ఆవిడ గమనించలేదు.

"అన్నిటికంటే ముందు ఒక మాట," అంటూ ఆ పొడుగు లాటిన్ పేరు తడబడకుండా, స్పష్టంగా, తోకతో సహా పలికింది. "దాన్ని మీ ఫలితాల్లోంచి తీసేశారా?"

"తీసేశాను మేడమ్," అంది అమ్మాయి. "ప్రతిసారీ ఖాళీ ట్యూబు పెట్టి సరిచూసుకున్నాను. ఒక్క ముక్క కూడా మిగలకుండా తీసేశాను."

"చాలా మంచి పని చేశారు. అది ఉన్నంతసేపూ ఏ ల్యాబు మాటా నమ్మలేం."

హాల్లో వాళ్ళందరూ నిజమేనన్నట్టు తలలూపారు. సారు కూడా ఊపాడు.