స్కాను బాబాయి చిన్నది చేసిన కాగితం

పెద్ద ఆఫీసు భవనం మెట్ల కింద, ఒళ్లు విరుచుకుంటే గోడకి చెయ్యి తగిలే గది ఒకటుంది. అందులో ఒక స్కానరు, ఒక కంప్యూటరు, రెండు స్టూళ్లు. వాటి మధ్య ఒదిగి కూర్చునే మనిషిని అందరూ స్కాను బాబాయి అంటారు. అసలు పేరేమిటో ఆయన భార్యకైనా గుర్తుందో లేదోనని పై అంతస్తు గుమాస్తాలు వేళాకోళం చేస్తుంటారు.

ఆయన చేసే పని, జనం కాగితాలు స్కాన్ చేసి ఈమెయిల్లో పంపడం. ఇందులో గొప్పేముంది అనుకుంటారు, పది పేజీలు సొంతంగా పంపబోయి చూసేదాకా. స్కాన్ చేసిన బొమ్మలు బండెడు బరువుంటాయి, మెయిలు వాటిని గడప దాటనివ్వదు. ఫోన్లో నానా తంటాలూ పడి, తొమ్మిది పేజీలు పోయి పదోది ఇరుక్కుంటే, ఏనుగు వెళ్లి తోక చిక్కిందని ఏడుపు మొహాలతో మెట్ల కిందికి దిగుతారు.

"ఇలా తెండి, అగ్గిపెట్టెలో పట్టించేస్తా" అంటాడు బాబాయి.

నిజంగానే పట్టించేసేవాడు. మిగతా కొట్లవాళ్లు చిన్నది చేస్తే అక్షరాలు అలుక్కుపోయేవి. బాబాయి చేస్తే అచ్చు వేసినట్టుండేవి. దాని కిటుకు ఆయన సాఫ్ట్‌వేర్‌లో ఒక మూలన పడి ఉన్న "అతి చిన్నది" అనే మీట. ఎవరూ ముట్టుకోని ఆ మీటను తానే కనిపెట్టానని ఆయనకు మహా గర్వం. "మసక లేకపోతే తప్పు లేనట్టే" అనేది ఆయన సిద్ధాంతం. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం కదా, ఎవరైనా ఎదురు చెప్తే ఊరుకునేవాడు కాదు.

ఇంకో గర్వం కూడా ఉంది. మెయిలు అవతలివాళ్లకీ, కాగితం తెచ్చిన మనిషి ఫోనుకీ వెళ్లగానే, ఆ మనిషి కళ్లెదుటే ఫైలూ పంపిన మెయిలూ తీసేసేవాడు. "మీ గుట్టు మీతోనే. నా దగ్గర ముక్క మిగలదు" అనేవాడు. జనం ఆయన్ని నమ్మింది ఎక్కువగా ఇందుకే.

బాబాయికి ఒక అక్క ఉంది. తల్లి పోయాక ఆయన్ని ఎత్తుకు పెంచింది ఆవిడే. గుండెలో కవాటం మార్చారు కనుక రక్తం పలచబరిచే మాత్ర రోజూ వేసుకోవాలి. పాత డాక్టరు ఊరు మారిపోవడంతో, దూరాన ఉన్న ఒక పెద్ద డాక్టరుకు ఆస్పత్రి కాగితాలన్నీ మెయిల్లో పంపాల్సి వచ్చింది. అక్క పని కదా, బాబాయి యంత్రం అద్దం రెండుసార్లు తుడిచి మరీ స్కాన్ చేసి, చిన్నది చేసి పంపాడు.

జవాబు వచ్చింది. మాత్ర ఎనిమిది మిల్లీగ్రాములు, రోజూ రాత్రి.

"నేను వేసుకునేది ఆరు కదరా?" అంది అక్క.

"పెద్ద డాక్టరు పెంచాడేమోనే. ఆయనకంటే నీకెక్కువ తెలుసా? మాట్లాడకుండా వేసుకో."

తమ్ముడు చెప్పాడని ఆవిడ వేసుకుంది.

కొన్నాళ్లకు భోజనాల దగ్గర అక్క చెయ్యి చాపితే, మోచేతి దగ్గర నల్లగా కమిలిన మచ్చ కనిపించింది. ఎక్కడా తగల్లేదంది. పళ్లు తోముకుంటే రక్తం వస్తోందని కూడా అప్పుడే, ఎవరి సంగతో చెప్తున్నట్టు చెప్పింది. బాబాయి అన్నం వదిలేసి, దగ్గర్లో ఉన్న డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆవిడ రక్తపరీక్ష చూసి మాత్ర అక్కడికక్కడే ఆపించేసింది.

"ఇంకొన్ని రోజులు వేసుకునుంటే మెదడులో రక్తం కారేది. ఈ మోతాదు ఎవరు చెప్పారమ్మా?"

బాబాయికి ఒళ్లు మండిపోయింది. కొట్టుకొచ్చి పెద్ద డాక్టరు ఆస్పత్రికి ఫోన్ చేసి, అవతలి నర్సు మాట వినకుండానే ఎడాపెడా తిట్టాడు. ఆవిడ ఓపిగ్గా విని చివరకు ఒకే మాట అంది.

"మేమేం పెంచలేదండీ. మీరు పంపిన కాగితంలోనే ఎనిమిది ఉంది. పాతదే కొనసాగించమన్నారు డాక్టరుగారు. కావాలంటే మీరే చూసుకోండి."

చూసుకున్నాడు. అక్కది కదా అని తీసేయకుండా ఉంచుకున్న మెయిలు తెరిస్తే తెర మీద ఎనిమిది ఉంది. మసక లేదు, చెదరలేదు, నిగనిగలాడుతూ ఉంది. అక్క కాగితాల సంచిలోంచి అసలు కాగితం తీశాడు. ఆరు.

కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు. కాగితం మీద ఆరు, తెర మీద ఎనిమిది. అదే కాగితాన్ని మళ్లీ అద్దం మీద పెట్టాడు. స్కాన్ అయింది, ఆరే ఉంది. "అతి చిన్నది" నొక్కాడు. ఆయన కళ్ల ముందే, రెప్ప వేసేలోపు, ఆరు ఎనిమిదైపోయింది. స్టూలు మీద ఉన్నవాడు కాస్తా గోడకి చేరగిలబడ్డాడు.

యంత్రాలు బాగుచేసే అతన్ని పిలిపిస్తే, అతను మీట వైపు చూసి తల పట్టుకున్నాడు.

"ఇది ఎందుకు నొక్కావు బాబాయ్? చిన్న చిన్న అక్షరాల్లో ఒకేలా కనిపించేవాటికి ఒక్క బొమ్మే దాచుకుని, అన్నిచోట్లా అదే అతికిస్తుంది. అందుకే అంత చిన్నదవుతుంది. ఆరూ ఎనిమిదీ ఒకటేననుకుంటుంది ఒక్కోసారి."

"మరి మసక లేదే?" అన్నాడు బాబాయి.

"అతికించిన బొమ్మకి మసకెందుకుంటుంది?"

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈ దొంగకు రోజూ అద్దం తుడిచి, దుమ్ము దులిపి పెట్టింది ఎవరు మరి?

అతను వెళ్లిపోయాక అసలు దెబ్బ తగిలింది. అక్క కాగితం ఒక్కటే కాదు కదా! ఆ అద్దం మీద ఇన్నేళ్లూ ఎంతమంది కాగితాలు పడుకున్నాయి? మందుల చీటీలు, మార్కుల జాబితాలు, ఇళ్ల కొలతలు. ఏ అంకె ఎక్కడ మారిందో చూద్దామంటే ఒక్క ఫైలూ లేదు. అన్నీ తన చేత్తోనే, జనం ఎదుటే, గొప్పగా తీసేశాడు. ఆ రోజు ఆయన కొట్టు మూయలేదు, ఎవరి కాగితమూ ముట్టుకోలేదు.

అక్క కోలుకుంది. జరిగిందంతా విని తమ్ముణ్ణి ఒక్క మాట కూడా అనలేదు. అదే ఆయనకి ఎక్కువ బాధ. విన్న మర్నాడు ఆవిడే కొట్టుకొచ్చి రెండో స్టూలు మీద కూర్చుంది.

"బోర్డు రాయరా. నా దగ్గర్నుంచి పంపినవాటిలో తప్పులుండొచ్చు, అసలు కాగితం తెచ్చి సరిచూసుకోండి అని."

"కొట్టు మూసుకోవాల్సిందేనే అక్కా."

"మూతపడితే పడనీ. రాయి."

రాశాడు. మెట్లు దిగేవాళ్లు చదివి గుసగుసలాడారు. ఒకరిద్దరు మొహం మీదే తిట్టారు. ముందుగా కాగితం తెచ్చింది వడ్రంగి. అక్క అసలు కాగితంలో అంకెలు గట్టిగా చదివింది, బాబాయి వడ్రంగి ఫోన్లో ఉన్న మెయిలు మీద వేలు పెట్టి సరిచూశాడు. అన్నీ సరిపోయాయి. తర్వాత వచ్చిన పంతులమ్మ కాగితాలూ సరిపోయాయి. బాబాయికి కొంచెం ఊపిరాడింది.

మూడో మనిషి ఒక కొత్త తల్లి. చంటిబిడ్డను భుజాన వేసుకుని ఆస్పత్రి కాగితం అందించింది. బిడ్డ మందు చీటీ అది, చిన్న చిన్న అంకెలతో.

అక్క చదువుతోంది. బాబాయి వేలు ఆమె ఫోన్లో వరుస వెంట కదులుతోంది. ఉన్నట్టుండి వేలు ఒక ఎనిమిది మీద ఆగిపోయింది.

"అక్కా, అది మళ్లీ చదవవే" అన్నాడు.

"ఆరు" అంది అక్క.

బాబాయి తలెత్తి బిడ్డ వైపు చూశాడు.